చౌడు చీటీ

పదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను కాబట్టి జ్వరం గోలీ దగ్గర నుంచి పత్తికి కొట్టే మందు దాకా నాకు తెలియనిది లేదని మా అమ్మ నమ్మకం. నేనూ ఎన్నడూ కాదనలేదు. ఇంట్లో నలుగురూ మన మాట నోరు తెరుచుకుని వింటుంటే కాదనబుద్ధి కాదు. ఆ బుద్ధే మా కొంప ముంచింది.

రెండు వేల ఇరవై మూడు ఎండాకాలం. బడికి సెలవులివ్వగానే నల్గొండలో నా కిరాయి గదికి తాళం వేసి, కట్టంగూర్‌లో బస్సు దిగి, ఆటోలో మా ఊరు చేరేసరికి పన్నెండు దాటింది. రేకుల కింద అమ్మ కూర్చుని చింతపండు కొడుతోంది. గింజ తీసిన పండు ఒక పక్క, గింజలు ఒక పక్క. ఏటా ఆ పని చేసేది మా వదిన అండాలు. ఆ రోజు ఆమె మంచం మీద ఊరికే కూర్చుని ఉంది.

"ఏంది వదినా, సెలవులు నాకా నీకా?" అన్నాను.

వదిన నవ్వి తల వంచుకుంది. అమ్మ సుత్తె పక్కన పెట్టింది.

"మూడో నెల నడుస్తాంది. నీకు ఫోన్ల చెప్పొద్దన్న. వచ్చినంక ముఖం జూసుకుంట చెప్దామనుకున్న."

లోపల నుంచి నందిని ఉరికొచ్చి నా నడుం వాటేసుకుంది. మా అన్న శ్రీకాంత్ బిడ్డ. ఆరేళ్లు. దాని ఒంట్లో నెత్తురు నిలవదు. తలసీమియా అంటారు. ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు బయటపడింది. అప్పటి నుంచి మూడు వారాలకొకసారి హైదరాబాదు తీసుకుపోయి, ఎవరో ఇచ్చిన నెత్తురు ఎక్కించుకుని రావాలి. అట్లా ఎక్కించిన కొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది కాబట్టి, అది తగ్గడానికి రోజూ పొద్దున్నే గోలీ నీళ్లలో కలిపి తాగించాలి. ఆ ఇంట్లో ఇంకో బిడ్డ మాట ఇన్నేళ్లూ ఎవరూ ఎత్తలేదు.

"దవాఖాన్ల అడిగిన్రా అమ్మా?" అన్నాను.

"అడుగుడు దేనికే? నువ్వు చెప్పినవ్ గద. గా చౌడు చీటీ నందుకు వచ్చిపాయె. మిగిలిన మూడు మంచియే. నీ మాట మీదనే గద ఇద్దరు ధైర్యం జేసిన్రు."

నేను బ్యాగు కింద పెట్టాను. చెంబెడు నీళ్లు తాగాను. అమ్మ పెరుగన్నం కలిపి మామిడికాయ తొక్కు వేసి ఇచ్చింది. తిన్నాను.

ఆ చీటీ సంగతి నేను చెప్పిందే. అంతకు రెండేళ్ల ముందు అమ్మ ఒకరోజు నన్ను కూర్చోబెట్టి అడిగింది. అన్న మంచిగనే ఉన్నాడు, వదిన మంచిగనే ఉంది, మరి పిల్లకు ఈ బీమారి ఎక్కడిది అని. వదిన పరాయి పిల్ల కాదు. అమ్మ సొంత తమ్ముడు గుర్వయ్య మామ బిడ్డ. ఎరిగిన నెత్తురని అమ్మ పట్టుబట్టి తెచ్చుకున్న కోడలు. నేను క్యాలెండర్ కాగితం తిరగేసి నాలుగు గళ్లు గీశాను. అన్నలో కొంత, వదినలో కొంత ఆ లోపం దాగి ఉంది, వాళ్లను అది ఏమీ చేయదు, రెండూ పోయి ఒకే బిడ్డకు చేరితే జబ్బు అవుతుంది, నాలుగు గళ్లలో ఒక గడి అదే అని వివరించాను. ఒక్కరికీ ఎక్కలేదు. మా నాయిన మల్లయ్య ఆ గళ్లు చూసి, గవ్వలాట అనుకుని, "పచ్చీసా?" అన్నాడు.

అప్పుడు నాకు తాత భూమి పంపకం గుర్తొచ్చింది. నాయినోళ్లు నలుగురు అన్నదమ్ములు. ఎనిమిదెకరాలను నాలుగు ముక్కలు చేసి, నాలుగు చీటీలు రాసి, స్టీలు గ్లాసులో వేసి తలా ఒకటి తీశారు. అందులో ఒక ముక్క చౌడు, జొన్న కూడా మొలవదు. అది మా నాయినకు వచ్చింది. మా ఇంట్లో ఆ పంపకం గురించి తిట్టుకోని నెల లేదు. "గ్లాసుల నాలుగు చీటీలు. ఒకటి చౌడు. నందుకు గదే వచ్చింది" అన్నాను. అందరికీ ఇట్టే అర్థమైంది. నాయిన కూడా తలూపాడు. బడిలో కూడా ఇంత బాగా ఏ పాఠమూ కుదరలేదని మురిసిపోతూ నల్గొండ బస్సెక్కాను.

పొలం పంపకంలో ఒకసారి తీసిన చీటీ మళ్లీ గ్లాసులో వెయ్యరు. చౌడు ముక్క మా నాయినకు పోయాక మిగతా ముగ్గురూ నిశ్చింతగా చెయ్యి పెట్టి తీసుకున్నారు. బిడ్డల సంగతి అట్లా కాదు. ప్రతి కడుపుకూ నాలుగు చీటీలూ మళ్లీ గ్లాసులోనే ఉంటాయి. ఆ ఒక్క మాట నేను చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు. నేను ఏ పోలిక ఇచ్చానో ఆ పోలిక ప్రకారమే మావాళ్లు లెక్క వేసుకున్నారు. వాళ్లను అనడానికేమీ లేదు.

తిని లేచిన వెంటనే చెప్పాల్సింది. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం వదిన చాట ముందు పెట్టుకుని ఒరుగుల కోసం మామిడికాయలు కోస్తోంది. నందిని పక్కన కూర్చుని టెంకలు ఏరుతోంది.

"అమ్మా, చెల్లెకు గూడ సూదులు ఇస్తరా?" అని అడిగింది. పుట్టేది చెల్లె అని అది ముందే ఖాయం చేసేసింది.

"లేదు బిడ్డా. గా సూదులన్ని నువ్వే పొడిపిచ్చుకున్నవ్. నీ చెల్లెకు ఇగ లేవు."

నందిని ముఖం వెలిగిపోయింది. తను ఏదో పెద్ద పని చేసిపెట్టినట్టు వాడకట్టంతా తిరిగి చెప్పి వచ్చింది. ఇక నాకు నోరు రాలేదు. రేపు అనుకున్నాను. రేపు కూడా రేపే అనుకున్నాను.

ఆ ఇంట్లో నవ్వులు విని ఎన్నేళ్లయిందో. వదిన నందినికి జడ వేస్తూ తనలో తాను పాడుకునేది. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చితే గురక పెట్టి నిద్రపోయేది. ఆరేళ్లుగా ఆమె అట్లా నిద్రపోవడం నేను చూడలేదు. నేను నోరు తెరిస్తే ఇదంతా పోతుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. నేను తప్పు చెప్పానని ఒప్పుకోవాలంటే సిగ్గు. అది తప్ప ఇంకేమీ కాదు.

అన్నది షాద్‌నగర్‌లో కంపెనీ పని. అక్కడే గదిలో ఉండి ఆదివారం వస్తాడు. ఒక ఆదివారం నన్ను బండి మీద కట్టంగూర్ తీసుకుపోతుంటే అడుగుదామని గొంతు సవరించుకున్నాను.

"అన్నా, గీ కాన్పు సంగతి జర డాక్టరుకు చూపిస్తే..."

"ఫికర్ జెయ్యకు చెల్లె. అండాలు మొదలు వద్దంటె వద్దన్నది. నందు తోనే చాలన్నది. నేనే నువ్వు చెప్పిన చీటీల ముచ్చట మల్ల మల్ల చెప్పి ఒప్పిచ్చిన. నువ్వు జెప్పినంక గూడ భయమేంది?"

గాలికి కళ్లలో నీళ్లొస్తున్నాయని నెపం పెట్టుకుని ముఖం తుడుచుకున్నాను. అట్లా మూడు వారాలు గడిచాయి.

మే నెల సగం దాటాక నందినికి నెత్తురు ఎక్కించే రోజు వచ్చింది. అన్నకు సెలవు దొరకలేదు. వదిన, నేను పిల్లను తీసుకుని పొద్దున్నే హైదరాబాదు బస్సెక్కాం. ఎండాకాలం ఆ దవాఖానలో ఎప్పుడూ అవస్థే. కాలేజీలు మూసేస్తారు, నెత్తురు ఇచ్చే పిల్లలు ఊళ్లకు పోతారు. ఆ రోజు కూడా నెత్తురు సంచి రావడానికి ఒంటిగంట అవుతుందన్నారు. నందిని పెదవులు తెల్లగా పాలిపోయి నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.

అక్కడ తల్లిదండ్రులతో మాట్లాడే కౌన్సెలర్ మేడం ఒకామె ఉంది. ఆమె మా ముందు నుంచి పోతూ వదినను చూసి ఆగింది. లోపలికి పిలిచింది. నందినిని బల్ల మీద పడుకోబెట్టి నేనూ వెనకే పోయాను.

"ఎన్నో నెలమ్మా?"

"నాలుగు పడ్డది మేడం."

"పరీక్ష చేయించారా?"

"మాకు గా అవసరం లేదు మేడం. నాలుగు చీటీలల్ల ఒకటే కదా చౌడు. గది మా నందుకు వచ్చిపాయె. మా ఆడబిడ్డ సైన్సు టీచరు. మంచిగ సమజయ్యేటట్టు చెప్పింది."

మేడం చేతిలో పెన్ను కింద పెట్టింది. వదిన నన్ను చూపించింది. గర్వంగానే చూపించింది.

"ఏం సబ్జెక్టు చెప్తారు మీరు?" అని అడిగింది మేడం.

"బయాలజీ."

ఆమె నన్ను కోప్పడలేదు.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

"మీరే చెప్పండి" అన్నాను.

ఆమె చెప్పింది. తేలిక మాటల్లో, తొందరపడకుండా చెప్పింది. ఒక బిడ్డకు వచ్చినంత మాత్రాన ఇంకో బిడ్డకు రాదని లేదని, ప్రతిసారీ భయం అంతే ఉంటుందని, ఒక్క పిసరు కూడా తగ్గదని చెప్పింది. పన్నెండో వారం లోపల వస్తే ఇంకో పరీక్ష ఉండేదని, త్వరగా తేలిపోయేదని, ఇప్పుడు సూదితో ఉమ్మనీరు తీసి చూడాలని, ఫలితానికి రెండు వారాలు పడుతుందని అంది. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. నేను వచ్చి పెరుగన్నం తిన్న రోజుకు వదినకు పన్నెండో వారం.

వదిన అంతా విని, "గట్లనా" అంది. నా వైపు చూడలేదు. బయటికొచ్చి కూర్చున్నాక నందిని మళ్లీ నా ఒళ్లో తల పెట్టుకుంటే, దాన్ని తన ఒళ్లోకి జరుపుకుంది.

ఇంటికొచ్చాక నేనే చెప్పాను. అప్పటికి దాచడానికి ఏమీ మిగల్లేదు. నాయిన అడిగాడు.

"తీసిన చీటీ మల్ల గ్లాసులకు ఎట్లొస్తది బిడ్డా?"

"గది భూమి పంపకం నాయినా. గిది గట్ల గాదు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క గ్లాసు."

"మరి గా దినం గా మాట ఎందుకు చెప్పకపోతివి?"

నాయిన కోపంతో అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు. అమ్మ మధ్యలో అందుకుంది.

"నా పుట్టింటి నెత్తురే మంచిది గాదు. నా తమ్ముని బిడ్డ అని నేనే ఏరుకోని తెచ్చిన."

"ఒక్కరిది గాదమ్మా, ఇద్దరిది. అన్నల గూడ ఉన్నది" అన్నాను. అమ్మ వినలేదు. ఆ రోజు నుంచి తన తమ్ముడితో ఫోన్ మాట్లాడటం మానేసింది. గుర్వయ్య మామ రెండుసార్లు ఊరికి వచ్చి, గడపలో కూర్చుని, చాయ్ తాగి పోయాడు. ఆయన చేసిన తప్పేమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఉమ్మనీరు పరీక్ష చేయించారు. తర్వాతి రెండు వారాలు ఇంట్లో ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. వదిన మిగిలిన చింతపండు తనే కొట్టింది. ఎవరూ వద్దనలేదు. నేను మాట్లాడిస్తే ఊ అంటే ఊ అనేది. ఒకరోజు పొద్దున గిన్నెలు తోముతూ ఉన్నట్టుండి చేతులు ఆపి, కాసేపు అట్లానే కూర్చుంది. ఏమైందని అడిగితే చెప్పలేదు.

మిరుగు, అంటే మృగశిర కార్తె, రేపనగా ఫోన్ వచ్చింది. మిరుగు నాడు తినే చేపల కోసం ఊరంతా తిరుగుతోంది. నాయిన పత్తి గింజల సంచులు దించుకుని వాన కోసం మబ్బు చూస్తున్నాడు. దవాఖానవాళ్లు అన్నకు చెప్పారు. అన్న నాకు ఫోన్ చేశాడు.

"గదేనట చెల్లె. నందుకు ఉన్నదే." వెనక మెషీన్ల చప్పుడు వినబడుతోంది. "అండాలుకు నువ్వే చెప్పు. నా తోని గాదు."

వదిన పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను పోయి నిలబడ్డాను. నా ముఖం చూసి చేతిలో తడి చీర బకెట్లో వేసేసింది.

"గదేనా?"

"గదే వదినా."

"మొన్నటి సంది కదులుతాంది వాణీ" అంది. "గిన్నెలు తోముతుంటె తెలిసింది. మీ అన్నకు గూడ చెప్పలే."

నేను చెప్పాల్సిన నాడు చెప్పి ఉంటే ఆ కదలిక లేకుండానే అయిపోయేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆమె అనలేదు. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"ఇంకొకసారి గన్నా గంతేనా?"

"గంతే. ఎన్నిసార్లు గన్నా గంతే. మంచిగ పుట్టే బిడ్డలే ఎక్కువ, గని భయం మాత్రం ఎప్పటికి పోదు. పన్నెండు వారాలల్ల పరీక్ష చేపిచ్చుకోవాలె." ఈసారి ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పాను. అంత పూర్తిగా చెప్పడం నాకు ముందే వచ్చు అన్న సంగతి నాకు నా గొంతులోనే వినబడింది.

ఆదివారం అన్న వచ్చాడు. ఉంచుకుందామని అమ్మ ఒక మాట అంది. దేవుడిచ్చిందని, ఒక పిల్లను సాకుతున్నోళ్లం ఇంకో పిల్లను సాకలేమా అని. అన్న తల పట్టుకుని కూర్చున్నాడు. వదిన నందిని చెయ్యి పట్టుకుని అమ్మ ముందుకు తెచ్చింది. మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర సూది గుచ్చిన చోట్లు నల్లబడి గట్టిపడ్డాయి. నర్సులకు నరం దొరకడానికి ఇప్పుడు అరగంట పడుతోంది.

"సూడు అత్తమ్మా. దీని చెయ్యి పట్టుకోని సూడు. తెలవక ఒకదాన్ని గన్న. తెలిసి తెలిసి ఇంకొకరి చెయ్యి నేను గిట్ల జెయ్య" అంది.

అమ్మ ఆ చెయ్యి నిమురుతూ ఏడ్చింది. నందిని అందరి ముఖాలూ చూసి, చెయ్యి మెల్లగా వెనక్కి లాక్కుంది. తనను చూపించి ఏం మాట్లాడుకుంటున్నారో దానికి ఎంత అర్థమైందో ఆ పూట ఎవరూ ఆలోచించలేదు. నేను కూడా ఆలోచించలేదు.

మంగళవారం దవాఖానలో చేర్చుకున్నారు. రెండు రోజులు పట్టింది. ఐదో నెల దగ్గర పడటంతో నొప్పులు రప్పించి చేశారు. కాన్పు ఎట్లనో అట్లనే. నేను పక్కనే ఉన్నాను. ఆ రెండు రోజుల సంగతి ఇంతకంటే రాయలేను.

తీసుకొచ్చాక వదిన వారం రోజులు మంచం దిగలేదు. బడి తెరిచారు, నేను నల్గొండ పోవాలి. పొద్దున బ్యాగు సర్దుకుని ఆమె మంచం దగ్గర కూర్చున్నాను. తప్పు నాదే వదినా అని మొదలుపెట్టాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"నీ మీద కోపం లేదు. నువ్వు సక్కగ చెప్పి ఉంటే నాకు గా నాలుగు నెలలు గూడ దొరక్కపోయేటివి. నందు బీమారి బయటపడ్డంక నేను భయం లేకుంట బతికింది గా నాలుగు నెలలే."

ఆమె నన్ను తిట్టి ఉంటే, రెండు దెబ్బలు కొట్టి ఉంటే మోసేదాన్నేమో. ఆ మాట మాత్రం ఇప్పటికీ మోయలేకపోతున్నాను. బస్సులో కిటికీ వైపు తిరిగి నల్గొండ దాకా ఏడ్చాను.

జూన్ చివర్లో నందినికి నెత్తురు ఎక్కించే రోజు మళ్లీ వచ్చింది. వదిన ఇంకా తేరుకోలేదు. నేను బడికి సెలవు పెట్టి పిల్లను తీసుకుపోయాను. ఆ రోజు రక్తం తొందరగానే దొరికింది. నరం దొరకడానికి మూడుసార్లు గుచ్చారు. నందిని కిక్కురుమనలేదు. చుక్కలు పడటం మొదలయ్యాక నర్సు వెళ్లిపోయింది. నేను అరటిపండు ఒలిచి ఇచ్చాను. అది తినకుండా పట్టుకుని నన్నే చూస్తోంది.

"అత్తా, చెల్లెకు కడుపులనే పరీక్ష జేసిన్రంట గద. నా బీమారే ఉన్నదని తీసేసిన్రంట. నాయినమ్మ చెప్పింది."

"ఊ" అన్నాను.

"నేను కడుపుల ఉన్నప్పుడు చెయ్యలేదా?"

"లేదు బిడ్డా. అప్పుడు మాకు తెలవదు."

నందిని చుక్కలు పడే గొట్టం వైపు చూసింది.

"తెలిస్తే?" అంది.

"తెలిసినా నిన్ను గనేటోళ్లమే" అన్నాను. కానీ ఆ మాట అనడానికి నాకు కొంచెం సేపు పట్టింది. నందిని ఆ కొంచెం సేపూ నా ముఖమే చూసింది. తర్వాత అరటిపండు నా చేతిలో పెట్టి, సూది లేని చేత్తో దుప్పటి మెడ దాకా లాక్కుని, అటు తిరిగి పడుకుంది. ఆ మాట మళ్లీ నన్ను ఎప్పుడూ అడగలేదు.